నాకు అభ్యంతరం లేదు

"ఇది చదివి చెప్పండి. ఇందులో నేనెక్కడున్నానో చూపించండి."

ఫణిశ్రీ ల్యాప్‌టాప్ తెచ్చి మణిశంకర్ కంచం పక్కన పెట్టింది. పెరుగన్నం కలుపుతున్న అతని చెయ్యి ఆగింది. తెర వైపు ఒకసారి చూసి, చూసినంత వేగంగానే తల దించుకున్నాడు.

బల్లకు ఆ చివర కూర్చున్న అతని తండ్రి సూర్యప్రకాశానికి ఆ ఉత్తరం చదవడానికి కళ్లజోడు అక్కర్లేదు. గురువారం ఉదయం గంటన్నరసేపు కూర్చుని, రెండుసార్లు చెరిపి, మూడోసారికి ఆయన కుదుర్చుకున్న ఉత్తరం అది.

శనివారం మధ్యాహ్నం మూడవడానికి పది నిమిషాలుంది. తమ్ముడి కూతురి అన్నప్రాశనకని మొగల్తూరు వెళ్లిన ఫణిశ్రీ బస్సు దిగి దానవాయిపేటలోని ఇల్లు చేరి గంట కూడా కాలేదు. దారి నలిగిన చీర అలాగే ఉంది. సంచి గుమ్మంలోనే ఉంది. విశాఖపట్నం నుంచి ఏమైనా కబురొచ్చిందేమో చూద్దామని తెర తెరిచిందట. వచ్చిన కబురు ఇదీ.

ఆమె నిలబడే చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

"మీ లేఖ అందినది. ఇంతటి బాధ్యతకు నేను తగినదాననో కానో నాకే సందేహము. తమరు తప్పదని భావించిన పక్షమున, తమకు అసౌకర్యము లేని పక్షమున, నాకు అభ్యంతరము లేదు. ఇట్లు, ఫణిశ్రీ."

తర్వాత దానికి సత్యవాణిగారు రాసిన జవాబు చదివింది. కథలు సరిచూసే పనికి ఫణిశ్రీని పిలిచిన పిల్లల పుస్తకాల సంస్థకు సంపాదకురాలు ఆవిడే. సందేహాన్ని దాచకుండా చెప్పినందుకు ఆవిడ కృతజ్ఞతలు చెప్పుకున్నారు. మనసు లేనివాళ్లను బలవంతపెట్టడం తమ పద్ధతి కాదన్నారు. జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తున్నామన్నారు. తాము పొరబడి ఉంటే మాత్రం శనివారం సాయంత్రం అయిదులోగా తెలపమన్నారు.

"పదకొండు చోట్ల ఉద్యోగం అడిగానండి రెండేళ్లలో," అంది ఫణిశ్రీ. గొంతు పెంచలేదు. "పదకొండో చోట రమ్మన్నారు. అమ్మావాళ్ల ఊళ్లో నెట్ అందక మీకు ఫోన్ చేసి, ఒప్పుకున్నానని పన్నెండులోగా రాసేయండి అని చెప్పాను. సరే అన్నారు. సాయంత్రం అడిగితే పంపేశాం అన్నారు. నేను అక్కడ పాయసం తింటూ కూర్చున్నాను."

మణిశంకర్ పెరుగన్నం మళ్లీ కలపడం మొదలుపెట్టాడు.

"మూణ్ణెల్లు విశాఖపట్నంలో ఉండి పని నేర్చుకోవాలి, ఆ తర్వాత ఇంట్లోంచే చేసుకోవచ్చని మీకు మొదటే చెప్పాను. ఇల్లు ఎలా నడుస్తుంది అన్నారు. నడిపి చూపిస్తానన్నాను. ఇష్టం లేకపోతే ఆ రోజే ఫోన్‌లో వద్దనాల్సింది. ఏడ్చేదాన్ని, ఊరుకునేదాన్ని. నా పేరు పెట్టి నా చేతే వద్దనిపిస్తారా?"

"వద్దని ఎక్కడుంది అందులో?"

"దగ్గు మందు అమ్మేటప్పుడు డాక్టర్లకి ఇలాగే రాస్తారా మీరు? మీకు అసౌకర్యం లేకపోతే మా మందు రాయండి, రాయకపోయినా నాకు అభ్యంతరం లేదూ అని?"

మణిశంకర్ ఒక మందుల కంపెనీకి రెండు జిల్లాల మేనేజరు. అతని చెవి ఎర్రబడింది. అన్నం ముద్ద కంచంలో ఒక పక్క నుంచి మరో పక్కకు జరిపాడు.

నన్ను కాస్తున్నాడు వీడు, అనుకున్నాడు సూర్యప్రకాశం. తండ్రి పేరు బయటపెట్టకుండా పెళ్లాం చేత మాటలు పడుతున్నాడు. ఆ మాత్రం దయ కొడుకులో ఉన్నందుకు ఆయన ఛాతీలో ఏదో మెత్తబడింది. మెత్తబడినకొద్దీ కూర్చోవడం కష్టమైంది.

ఈ పిల్లకు ఆయన ఎంత రుణపడ్డాడో ఆయనకొక్కడికే తెలుసు. ఆయన భార్య సీతారామలక్ష్మి మంచం పట్టిన నాలుగేళ్లూ ఒళ్లు తుడిచింది, జడ వేసింది, విసుక్కుంటే నవ్వింది ఫణిశ్రీయే. అందుకోసం బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసింది. పోయేముందు సీతారామలక్ష్మి భర్తతో చెప్పింది కూడా, దాని పని దానికి మళ్లీ ఇప్పించండి అని. ఇప్పించే వీలు ఆయన చేతికి ఒక్కసారే వచ్చింది, మొన్న గురువారం.

"అది నేను రాశానమ్మా," అన్నాడు.

ఫణిశ్రీ ఆయన వైపు తిరిగింది. మొహంలో కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. మావగారి ముందు ఆమె గొంతెత్తిన రోజు లేదు.

"మీరా?"

"నేనే. వాడు బయల్దేరే తొందరలో ఉన్నాడు. మీ ఇంగ్లీషు బాగుంటుంది, మీరు రాయండి నాన్నగారూ అన్నాడు. ఒప్పుకున్నట్టుగానే రాశాననుకున్నాను."

"ఇది ఒప్పుకోవడమా మావయ్యగారూ?"

ఆయనకు అది ఒప్పుకోవడమే. ఆ సంగతి కోడలికి చెప్పబోతే మాటలు తడబడ్డాయి గానీ లోపల మాత్రం అంతా స్పష్టంగా ఉంది. కోనసీమలో పుట్టినవాడు ఎవరింటికైనా వెళితే, భోంచేసి వెళ్లండి అనగానే కాళ్లు కడుక్కోడు. ఇప్పుడెందుకండీ అంటాడు. మళ్లీ అంటే, మీకెందుకు శ్రమ అంటాడు. మూడోసారి చెయ్యి పట్టుకుంటే అప్పుడు విస్తరి ముందు కూర్చుంటాడు. ఇంటివాళ్లకూ తెలుసు, ఆ మొదటి రెండూ లెక్కలోవి కావని. ఒక్క పిలుపుకే పీట మీద కూర్చున్నవాడి గురించి ఆ వీధిలో పదేళ్లు చెప్పుకుంటారు.

ఉద్యోగంలోనూ అంతే జరిగింది ఆయనకు. ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఇస్తామన్నప్పుడు, అంతటివాణ్ణి కానండి అన్నాడు. పెద్ద ఇంజనీరుగారు నవ్వి, మీరు కాకపోతే ఎవరండీ ప్రకాశంగారూ అని భుజం తట్టారు. ఆ కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నాడు. కాబట్టి తన ఇంటి కోడలు పిలవగానే ఎగిరి గంతేసినట్టు కనపడకూడదని, పరువుగా, నిండుగా ఉండాలని, ఉన్న ఇంగ్లీషంతా పోసి రాశాడు. అవతలివాళ్లు వెంటనే మళ్లీ రాస్తారు, అదేంటండీ మీరు తప్ప ఎవరున్నారు అంటారు అని ఎదురుచూశాడు.

ఇందులో సగమే చెప్పగలిగాడు. ఆ సగానికే ఫణిశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది.

"వాళ్లు రెండోసారి అడగరు మావయ్యగారూ. మనం వద్దంటే వద్దనే అనుకుంటారు. ఇప్పటికే ఆ విస్తరి ముందు ఇంకొకరిని కూర్చోబెడుతున్నారు."

ఆ మాటలో నింద లేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది.

సత్యవాణిగారికి ఫోన్ చేసింది. ఎవరో ఎత్తి, ఆవిడ సమావేశంలో ఉన్నారని, ఏదైనా ఉంటే ఉత్తరంలోనే రాయమని పెట్టేశారు. గోడ గడియారంలో మూడుంబావు.

ఇక ఉత్తరమే దిక్కు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. సూర్యప్రకాశం పక్కన కూర్చున్నాడు. మణిశంకర్ చెయ్యి కడుక్కుని వచ్చి, వరండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి ప్రయత్నం అంతా క్షమాపణే అయింది. పొరపాటు జరిగింది, మన్నించండి, కారణం ఇది, మళ్లీ మన్నించండి. తనే చదువుకుని, "దణ్ణాలు పెడుతున్నట్టుంది," అని చెరిపేసింది.

రెండోసారి సంతోషం ఒలకబోసింది. ఎక్సైటెడ్ అంది, థ్రిల్డ్ అంది, డిలైటెడ్ అంది, ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం గుచ్చింది. చదువుతుంటే సూర్యప్రకాశానికి రథోత్సవంలో మైకు గుర్తొచ్చింది. పైకి అనలేదు. కానీ ఫణిశ్రీ ఆయన మొహం చూసి అదీ చెరిపేసింది.

నాలుగవడానికి పావుగంట ఉంది.

"ఏవండీ," అంది వెనక్కి తిరక్కుండా. "రోజూ రాస్తారు కదా ఇలాంటివి. చెప్పండి."

మణిశంకర్ గడియారం వైపు ఒకసారి చూశాడు. తర్వాత వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మొదలుపెట్టాక మాత్రం తడుముకోలేదు. ఏళ్ల తరబడి చేసిన పని నోటికి వచ్చినట్టు వచ్చింది.

థ్రిల్డ్ అనే మాట ఒక్కసారే వాడమన్నాడు. రెండోసారి వాడితే అది మందులమ్ముకునే కరపత్రం అవుతుందన్నాడు. ఎక్సైటెడ్ అని ఊరికే వదిలేస్తే ఎవరూ నమ్మరని, దేనికి అన్నది వెంటనే చెప్పాలని, అది కూడా వాళ్ల దగ్గర మాత్రమే ఉన్నదై ఉండాలని చెప్పాడు. చివర్లో లుకింగ్ ఫార్వర్డ్ అని అందరూ రాస్తారు, దాని పక్కన ఒక తేదీ ఉంటేనే ఎదురుచూస్తున్నట్టు లెక్క అన్నాడు. ఐ వుడ్ లవ్ టు అనేది బాగుంటుంది, కానీ దాని వెనక చెయ్యబోయే పని ఉండాలి అన్నాడు.

"క్షమాపణ ఒక్క వాక్యం చాలు. తగినదాన్నో కాదో లాంటివి అస్సలు వద్దు. నో అబ్జెక్షన్ అన్నావంటే చచ్చినా రావు అనుకుంటారు. మా దగ్గర ఎవరైనా అలా రాస్తే ఫైలు అక్కడికక్కడే మూసేస్తాం."

ఫణిశ్రీ రాసుకునే పనిలో ఉంది.

సూర్యప్రకాశం మెల్లగా తలెత్తి కొడుకును చూశాడు.

గురువారం పొద్దున వీడు బూట్లు వేసుకుని, సంచి భుజాన వేసుకుని, ఇదే చోట నిలబడ్డాడు. ఒకసారి చూడరా అంటే వంగి మొత్తం చదివాడు, మొదటి నుంచి చివరిదాకా. చదివాక కొంతసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని మెచ్చుకోలనుకుని సూర్యప్రకాశం లోలోపల పొంగిపోయాడు కూడా. ఆ తర్వాత, బాగుంది నాన్నగారూ, పంపేయండి అన్నాడు.

ఇంత తెలిసినవాడు.

ఇందాక కంచం ముందు కొడుకు మౌనం తనను కాయడానికి కాదు. మరి దేనికో ఆలోచించడానికి కూడా ఆయన మనసు వెనకాడింది. మణిశంకర్ కూడా తండ్రి చూపును గమనించాడు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు.

ఇప్పుడు కాదు, అనుకున్నాడు సూర్యప్రకాశం. ముందు ఉత్తరం వెళ్లాలి.

"దేనికి సంతోషం అన్నది ఏం రాయను?" అంది ఫణిశ్రీ, తనలో తను అనుకుంటున్నట్టు. పరీక్ష కోసం వాళ్లు పంపిన కథ ఒకటుంది. వరదొచ్చిన గోదావరి లంకలో మేకపిల్లను వెతుక్కుంటూ తిరిగే అమ్మాయి కథ. మొదటి నాలుగు పేజీలే ఇచ్చారు. ఆ మేకపిల్ల దొరుకుతుందో లేదో తెలియక ఆమె నెల రోజులుగా మావగారితో వాదిస్తోంది. ఆ కథ పూర్తిగా చదివి, తన చేత్తో సరిచేయాలనుందని రాసింది. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి రాగలనని రాసింది.

చదివి పెదవి విరిచింది. "అన్నీ ఉన్నాయి. నేను లేను."

"నీకు నిజంగా సంతోషమేనామ్మా?" అని అడిగాడు సూర్యప్రకాశం. ఈ ఇంట్లో ఆ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదని అడిగాకే తెలిసింది ఆయనకు.

ఫణిశ్రీ వేళ్లు ఆగాయి.

"ఎంపికయ్యానని వాళ్లు ఫోన్ చేశాక, పెరట్లోకి వెళ్లి నూతి పక్కన ఒక్కదాన్నీ నవ్వుకున్నాను మావయ్యగారూ. ఆపుకోలేకపోయాను. మా మరదలు చూసి పిచ్చెక్కిందా వదినా అంది."

"అది రాసెయ్యి."

"అలాంటివి రాయకూడదేమోనండి."

వంటింటి గుమ్మంలోంచి మణిశంకర్ అన్నాడు. "రాయొచ్చు."

ఒక్క మాటే. గ్లాసు చేతిలోనే ఉంది, నీళ్లు తాగలేదు. ఆ మాట చెప్పకుండా ఉండగలిగీ చెప్పాడు. ఆ ఒక్క మంచినీ కొడుకు ఖాతాలో వేసుకున్నాడు సూర్యప్రకాశం. అప్పటికి ఆయనకు దొరికింది అంతే.

నూతి పక్కన నవ్విన సంగతి రెండు వాక్యాల్లో రాసింది ఆమె. చుట్టూ ఏ అలంకారమూ పెట్టలేదు. మొదటి ఉత్తరం తన మనసు కాదని, తన ఇంటివాళ్ల మర్యాద అని ఒక వాక్యం చేర్చింది. నాలుగు ఇరవైకి పంపింది.

తర్వాత ముగ్గురూ ఎవరి చోట వాళ్లు ఉండిపోయారు. ఫణిశ్రీ గుమ్మంలోని సంచి కూడా తియ్యలేదు. వీధిలో ఆటో ఒకటి ఎవరికోసమో హారన్ కొడుతూ నిలబడింది. మణిశంకర్ ఫోన్ మోగితే చూసి కట్టేశాడు. సూర్యప్రకాశం లేచి, కొడుకు వదిలేసిన కంచం తీసి, బల్ల తుడిచాడు. ఎప్పుడూ అడ్డుపడే కోడలు ఈసారి వద్దనలేదు.

అయిదుకు ఎనిమిది నిమిషాలుందనగా జవాబొచ్చింది.

ఆమె చదువుతుంటే మొహం విప్పారింది, అంతలోనే నుదురు ముడిపడింది. తర్వాత పైకి చెప్పింది. ఉత్తరం చదివి సత్యవాణిగారు కూడా నవ్వుకున్నారట. రెండో మనిషికి ఇంకా ఖాయం చేయలేదు, సోమవారం పది గంటలకు ఫోన్‌లో మాట్లాడుకునేదాకా ఆపుతామన్నారు. ఒక్క సంగతి మాత్రం సూటిగా అడిగారు. తమ దగ్గర మూణ్ణెల్లు ఉండాల్సిన పని ఇది. మధ్యలో ఇంటివాళ్లు వెనక్కి పిలిస్తే ఆ అమ్మాయీ నష్టపోతుంది, తామూ నష్టపోతారు. ఇంతకుముందు రెండుసార్లు అలా జరిగింది. అందుకని, మొదటి ఉత్తరం వెనక ఏముందో సోమవారం దాచకుండా చెప్పమన్నారు. దాన్నిబట్టే నిర్ణయమట.

"చెప్తాను, దాందేముంది," అంది ఫణిశ్రీ. "మా మావయ్యగారు మర్యాదకి రాశారు, మా వైపు అలాగే మాట్లాడతాం అని చెప్తాను. ఉన్నదే కదా. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు."

ఆఖరి మాట దగ్గర ఆమె స్వరం నెమ్మదించింది. తెర మీద ఇందాక మణిశంకర్ చెప్పగా రాసుకున్న ముక్కలు కింద ఇంకా ఉన్నాయి. వాటిని ఒకసారి చూసింది. వెనక్కి తిరిగి వంటింటి గుమ్మం వైపు చూడబోయి, మానుకుంది.

"మావయ్యగారూ."

"ఏంటమ్మా?"

"పంపేముందు ఎవరికైనా చూపించారా?"

సూర్యప్రకాశం తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాడు. లేదని ఒక్క మాట అంటే ఈ పూట గడిచిపోతుంది. కొడుకు కాపురం నిలబడుతుంది. సోమవారం ఈ పిల్ల అదే అబద్ధాన్ని నిజమనుకుని వాళ్లకు చెబుతుంది. ఆమె పేరుతో ఆమెకు తెలియని మాట మొన్న ఒకసారి పంపాడు. లేదంటే ఇది రెండోది అవుతుంది.

ఆఫీసులో ఎన్నేళ్లు చేసినా ఆయన ఒక్క కాగితం కూడా పైవాళ్లకు చూపించకుండా బయటికి పంపి ఎరగడు. ఆ సంగతి కోడలికీ తెలుసు. అందుకే అడిగింది.

"చూపించానమ్మా."

ఎవరికని ఆమె అడగలేదు. గురువారం పొద్దున ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"ఫణీ," అన్నాడు మణిశంకర్.

ఆమె ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూయలేదు. తన పక్కనున్న కుర్చీని కాలితో కాస్త వెనక్కి జరిపింది, ఒక మనిషి కూర్చునేంత. తెర మీద ఉన్నదంతా పక్కకు తోసి, కొత్తగా ఖాళీ పేజీ ఒకటి తెరిచింది.

"కూర్చోండి," అంది భర్తతో. "సోమవారం నేనేం చెప్పాలో మీరు చెప్పండి. మీరు ఎలా చెబితే అలాగే రాసుకుంటాను."

మణిశంకర్ కూర్చోలేదు.